గొర్రెల దొడ్డి పక్కన ఒక వారం

ఇంగ్లండులో ఉంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈస్టర్ సెలవులు దగ్గరపడుతుంటే ఒకటే చర్చ: ఈసారి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దాం? టెనెరీఫ్ అయిపోయింది, పారిస్ డిస్నీలాండ్ అయిపోయింది, ఇండియా టికెట్ల ధరలు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. నన్నడిగితే యార్క్‌షైర్ డేల్స్‌లోనో, లేక్ డిస్ట్రిక్ట్‌లోనో, వేల్స్ కొండల్లోనో ఒక ఫామ్ మీద కాటేజీ తీసుకుని వారం రోజులు అక్కడే ఉండండి అంటాను. హోటల్ కాదు. వంట మీరే చేసుకోవాలి, గిన్నెలు మీరే తోముకోవాలి. శుక్రవారమో శనివారమో సాయంత్రం నాలుగింటికి తాళం చేతికొస్తే, మళ్ళీ వారం పొద్దున పదింటికి తిరిగిచ్చేదాకా ఆ ఇల్లు మీదే.

"అదేం సెలవండీ, ఇంట్లో చాకిరీ ఊరు మార్చి చేసుకోవడమేగా!" అంటారు తల్లులు. న్యాయమైన మాటే. పని మొత్తం ఒక్క మనిషి నెత్తిన పడే ఇల్లయితే వెళ్ళకపోవడమే మేలు. అందుకని కారెక్కేముందే పంపకాలు చేసుకోండి. రాత్రి వంట నాన్నది, గిన్నెలు పెద్దవాడివి, పొద్దున్నే ఫామ్‌హౌస్‌కి వెళ్ళి గుడ్లు తెచ్చే బాధ్యత చిన్నదానిది. ట్యూషన్లు, స్విమ్మింగ్ క్లాసులు, ఆఫీసు మీటింగులు లేని ఇంట్లో ఒక పూట అందరూ కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతీసుకోవడం పిల్లలకి మనం అనుకున్నంత విసుగు కాదు. వాళ్ళు మామూలు రోజుల్లో చూసేది హడావుడిలో ఉన్న అమ్మానాన్నల్నే.

ఫామ్ ఎంచుకోవడంలో ఒక మెలిక ఉంది. పేరులో ఫామ్ అని ఉన్న కాటేజీలన్నిటి పక్కనా వ్యవసాయం ఉండదు. పాత కొట్టాన్ని బాగుచేసి, అద్దాల తలుపులు బిగించి, వాకిట్లో హాట్ టబ్ పెట్టి అద్దెకిచ్చేవి బోలెడు. అవి బాగుండవని కాదు, కానీ మీ పిల్లలకి అక్కడ దొరికేది హాట్ టబ్బే. బుక్ చేసేముందు ఫోన్ చేసి రెండు ముక్కలు అడగండి: మేం వచ్చే వారంలో గొర్రెలు ఈనుతుంటాయా, పిల్లలు వచ్చి చూడొచ్చా? నిజంగా ఆ పనిలో ఉన్నవాళ్ళయితే సమాధానం వెంటనే వస్తుంది, దాంతోపాటు నాలుగు షరతులూ వస్తాయి. ఆ షరతులు పెట్టే ఇల్లే మీకు కావలసిన ఇల్లు.

ఎప్పుడు వెళ్ళాలన్నది గొర్రెల్ని బట్టి ఉంటుంది. గొర్రె దాదాపు ఐదు నెలలు మోస్తుంది. గై ఫాక్స్ రాత్రి బాణసంచా కాల్చే నవంబరు 5 ప్రాంతంలో మందలోకి పొట్టేళ్ళని వదిలితే ఏప్రిల్ ఒకటి నాటికి ఈతలు మొదలవుతాయని రైతుల లెక్క. పల్లపు పొలాల్లో ఫిబ్రవరి, మార్చిలోనే మొదలుపెట్టేవాళ్ళున్నారు. ఎత్తు కొండల మీద ఏప్రిల్ నడిమి దాకా ఆగుతారు, గడ్డి రావాలి కదా. కాబట్టి ఈస్టర్ సెలవులు సరిగ్గా అతుకుతాయి. బడి రోజుల్లో అద్దె తక్కువని ఆశపడకండి. ఇంగ్లండులో 2024 ఆగస్టు నుంచి అనుమతి లేకుండా బడి మాన్పిస్తే జరిమానా ఒక్కో పిల్లకి, ఒక్కో తల్లికి లేదా తండ్రికి 80 పౌండ్లు. 21 రోజుల్లో కట్టకపోతే 160. ఇద్దరు పిల్లలున్న దంపతులకి తక్కువలో తక్కువ 320 పౌండ్లన్నమాట. అద్దెలో మిగిలింది అక్కడికే సరి. పిల్లలింకా బడి వయసుకి రాకపోతే మాత్రం ఏ వారమైనా మీ ఇష్టం.

వంటింటి సంగతి చకచకా చెప్పేస్తాను. చాలా కాటేజీల్లో ఇప్పుడు ఇండక్షన్ పొయ్యిలే. మీ అల్యూమినియం ప్రెషర్ కుక్కర్ దానిమీద వేడెక్కదు. ఇంట్లోనే అడుగున అయస్కాంతం పెట్టి చూసుకోండి, అంటుకుంటే పట్టుకెళ్ళండి. తాలింపు వేసేముందు కిటికీ తెరవండి, ఎండుమిరపకాయ కాస్త మాడినా పొగ అలారం గోల పెడుతుంది. మురుగునీరు చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకులోకే పోతుంది, అందుకని పూరీలు వేయించిన నూనె సింకులో పోయకూడదు, పసిపిల్లల వెట్ వైప్స్ టాయిలెట్లో వేయకూడదు. కుళాయి నీళ్ళు ఊటవో బోరువో అయితే తాగొచ్చా అని అడగండి. కందిపప్పు, చింతపండు, కారప్పొడి ఇంటినుంచే తీసుకెళ్ళాలి, వేరే చెప్పాలా. పాలు, రొట్టె, జామ్ తొలిరోజుకి చాలామంది వాళ్ళే పెడతారు.

ఇక అసలు సంగతి. ఈ వారానికి టైంటేబుల్ వేయకండి.

మనవాళ్ళకి ఇది చాలా కష్టం. నాలుగ్గంటలు కారు నడిపి వచ్చాం, ఇక్కడికి గంట దూరంలో కోట ఉందట, ఇంకో గంటలో ఆవిరి రైలట, వాటర్‌ఫాల్ అట. రోజుకొకటి చొప్పున చూసేసి ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టి, రాత్రి తొమ్మిదింటికి అలసిపోయి వచ్చి నూడుల్స్ తినే కుటుంబాలు బోలెడు. అలాంటివాళ్ళు ఫామ్‌కి డబ్బు కట్టడం దండగ, మోటెల్ చాలు. వారంలో ఒకటి రెండు రోజులు తప్ప కారు తీయకండి. మొదటి రెండు రోజులు పిల్లలు "బోర్" అంటారు. వైఫై అంతంతమాత్రం, ఫోన్ సిగ్నల్ కోసం గేటు దాకా నడవాలి. ఆ రెండు రోజులూ మీరు ఏమీ సర్దుబాటు చేయకండి. ఐప్యాడు ఇవ్వాలనిపిస్తుంది, ఏదో ఒక ఆట పెట్టాలనిపిస్తుంది, ఓపిక పట్టండి. మూడోరోజుకి వాళ్ళకి వాళ్ళే ఏదో పని కల్పించుకుంటారు.

ఆ పని ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. గొర్రె ఈనగానే తల్లినీ పిల్లల్నీ కొట్టంలో చిన్న గదిలాంటి దడిలో ఒకటి రెండు రోజులు విడిగా ఉంచుతారు, ఒకళ్ళనొకళ్ళు వాసనతో గుర్తుపట్టడానికి. బయట పచ్చికలోకి వదిలేముందు తల్లి పక్కటెముకల మీద స్ప్రేతో ఒక అంకె వేస్తారు, దాని పిల్లల మీదా అదే అంకె. కవలలకి ఒక రంగు, ఒంటిపిల్లకి వేరే రంగు వాడేవాళ్ళూ ఉన్నారు. కాటేజీ కిటికీలోంచి చూస్తే పొలం నిండా నడుస్తున్న అంకెలే. 38 తల్లి దగ్గర ఒక పిల్లే ఉంది, రెండోది ఏదీ? గోడ వారన పడుకుంది. 52 పిల్ల వేరే తల్లి దగ్గర పాలకి వెళ్ళి తలతో పొడిపించుకుంది, చూశావా! ఏడేళ్ళ పిల్ల దీనిమీద గంటలు గడపగలదు. నోటుబుక్కు, పెన్సిలు ఇచ్చి మీరు పక్కకి తప్పుకోండి. లెక్కలు నేర్చుకుంటోందని మురిసిపోయి "అయితే 38కి 14 కలిపితే ఎంత?" అని మాత్రం అడగకండి, పుస్తకం మూసేస్తుంది.

లేక్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్తే హెర్డ్‌విక్ గొర్రెలు కనబడతాయి. పిల్లలు నల్లగా పుడతాయి, వయసుతో పాటు ఒళ్ళు బూడిదరంగుకి తిరుగుతుంది. మీ ఇంట్లో పీటర్ రాబిట్ పుస్తకం ఉండే ఉంటుంది. ఆ కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్ ఆ పుస్తకాల డబ్బుతో అక్కడ పొలాలు కొని, ఈ గొర్రెల్నే పెంచింది. 1943లో చనిపోతూ 4,000 ఎకరాలకి పైగా నేషనల్ ట్రస్ట్‌కి రాసిచ్చింది. కథల పుస్తకం రాసినావిడ సంతలో గొర్రెల బేరం చేసేదంటే పిల్లలు నమ్మరు. చెప్పి చూడండి.

గొర్రెలు ఈనే కాలంలో వెళ్తే చావు కూడా కనబడుతుంది. దీని గురించి తల్లిదండ్రులు ముందే ఒక మాట అనుకుని ఉండాలి. కొట్టం మూలన కదలని పిల్ల ఒకటి ఉంటుంది, మీ వాడు చూడనే చూస్తాడు. "నిద్రపోతోందిరా" అని చేయి పట్టి లాక్కెళ్ళకండి. చనిపోయింది, చలికి తట్టుకోలేకపోయింది, లేదా పుట్టుకే కష్టమైంది అని ఉన్నమాట చెప్పండి. కారణం తెలియకపోతే రైతునడగండి, వాళ్ళు పిల్లలకి ఎంత నెమ్మదిగా, ఎంత నిజంగా చెప్తారో చూస్తే మనకే ఆశ్చర్యం వేస్తుంది. పిల్ల పోయిన తల్లికి తల్లి లేని పిల్లని ఇంకోదాన్ని అంటగట్టడానికి వాళ్ళు చేసే పని ఒకటుంది: పోయిన పిల్ల చర్మం ఒలిచి, చొక్కాలా ఈ కొత్త పిల్లకి తొడుగుతారు. తల్లి వాసన చూసి తనదే అనుకుని పాలిస్తుంది. ఒకటి రెండు రోజుల తర్వాత ఆ తోలు తీసేస్తారు. వింటే మనకి ఒళ్ళు జలదరిస్తుంది, పిల్లలకి మాత్రం ఇందులో భయం కంటే తెలివి ముందు కనబడుతుంది. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల్ని చూడనివ్వొచ్చు. అంతకంటే చిన్నవాళ్ళయితే మీ పిల్ల సంగతి మీకే తెలుసు.

దాని వెనకే ఒక ప్రశ్న వస్తుంది: "ఈ గొర్రెపిల్లలు పెద్దయ్యాక ఎక్కడికెళ్తాయి?" ఆదివారం మటన్ కూర తినే ఇంట్లో దీనికి నీళ్ళు నమలడం బాగుండదు. కొన్ని ఆడపిల్లల్ని మందలో ఉంచుకుంటారు, తక్కినవి మాంసానికి వెళ్తాయి. అంతే చెప్పండి. ఆ రాత్రి పిల్ల మటన్ తిననంటే బలవంతపెట్టొద్దు, వెక్కిరించొద్దు. నెల తర్వాత తిన్నా వెక్కిరించొద్దు.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సినవి. మొదటిది చేతులు. గొర్రెపిల్లకి సీసాతో పాలు పట్టించడం ముచ్చటే, కానీ పశువుల పేడలో ఇ.కోలై ఓ157 అనే క్రిమి ఉండొచ్చు. 2009లో సర్రేలో పిల్లలు చూడటానికి వెళ్ళే ఒక ఫామ్ నుంచి 90 మందికి పైగా ఇది సోకింది, ఎక్కువమంది చిన్నపిల్లలే, కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. శానిటైజర్ దీనికి చాలదు. సబ్బు, పారే నీళ్ళు కావాలి, అదీ మీ కళ్ళెదుట. మన పిల్లలు పప్పన్నం చేత్తో తింటారు కాబట్టి మనకి ఈ జాగ్రత్త ఇంకో పిసరు ఎక్కువ అవసరం. గొర్రెపిల్లని ముద్దుపెట్టుకుంటూ సెల్ఫీ వద్దు. కొట్టంలోకి వేసుకెళ్ళిన బూట్లు గుమ్మం బయటే విడవాలి. ఈ ఒక్క అలవాటూ మన పిల్లలకి నేర్పనక్కర్లేదు.

ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉంటే ఈనే కాలంలో ఆ ఫామ్ వద్దే వద్దు. ఈనిన గొర్రెల నుంచి, మావి నుంచి, కొట్టంలో తిరిగిన బట్టల నుంచి కూడా కడుపులో బిడ్డకి హాని చేసే జబ్బులు సోకుతాయని ఎన్.హెచ్.ఎస్. స్పష్టంగా చెప్తుంది. వేసవికో, అక్టోబరు హాఫ్ టర్మ్‌కో మార్చుకోండి.

ట్రాక్టర్ ఎక్కించమని రైతుని అడగకండి. ఊళ్ళో తాత పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చుని తిరిగిన జ్ఞాపకం మీకుండొచ్చు. ఇక్కడ 13 ఏళ్ళలోపు పిల్లలు పొలం పనిలో ఉన్న ట్రాక్టర్ ఎక్కకూడదని 1998 నుంచి నిబంధన ఉంది. మీరడిగితే ఆయన మొహమాటపడుతూ కాదనాలి, మీ వాడు ఏడవాలి, ఎందుకదంతా. పేడగుంట ఉన్న వైపుకి, పేర్చిన గడ్డిమోపుల మీదకి వెళ్ళకూడదని మొదటి సాయంత్రమే రైతుతోనే చెప్పించండి. పరాయివాళ్ళు చెప్తే పిల్లలు వింటారు. దూడలున్న ఆవుల మందని చుట్టు తిరిగి దాటాలి. గోమాత అని దండం పెట్టడానికి దగ్గరికి పోయే ఆవులు కావివి.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను. మనకి మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలో వేయడం పుణ్యం లాంటి అలవాటు. ఇక్కడ ఆ పని చేయకండి. వంటింట్లోంచి వచ్చినదేదీ పశువులకి, పందులకి, ఆఖరికి కోళ్ళకి కూడా పెట్టడం చట్టరీత్యా నిషేధం. 2001లో గాలికుంటు వ్యాధి బ్రిటన్‌ని ఊపేసింది. అరవై లక్షలకి పైగా పశువుల్ని చంపేశారు, పల్లెలకి జనాన్ని రానివ్వలేదు. నార్తంబర్లండ్‌లో ఒక పందుల ఫామ్‌లో సరిగా ఉడికించని హోటల్ వ్యర్థాలు మేతగా పెట్టడంతో అది మొదలైందని తేల్చారు. ఆ కాలం చూసిన రైతుకి మీ పిల్ల దోసె ముక్క పట్టుకుని పందుల దొడ్డి వైపు వెళ్తుంటే గుండె ఆగినంత పని అవుతుంది. ఆ ఏడాది తర్వాత బతకడం కోసం కొట్టాల్ని కాటేజీలుగా మార్చిన వాళ్ళూ ఉన్నారు. ఉన్ని అమ్మితే కత్తిరింపు కూలి కూడా రాని ఏళ్ళు చాలానే గడిచాయి. మీరు కట్టే అద్దె ఆ మందని నిలబెట్టేదాంట్లో భాగం.

వీలైతే ఈ సెలవుని తాతా నానమ్మా, తాతా అమ్మమ్మా వచ్చినప్పుడు పెట్టుకోండి. విజిటర్ వీసా మీద ఆరునెలలకి వచ్చి, స్లౌలోనో రెడింగ్‌లోనో ఫ్లాట్‌లో కిటికీ దగ్గర కూర్చుని, మీరు ఆఫీసునుంచి ఎప్పుడొస్తారా అని చూసే పెద్దవాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. ఇక్కడ బస్సెక్కాలన్నా, మైక్రోవేవ్ వాడాలన్నా మనవడి దగ్గర నేర్చుకుంటున్నారు. అదే మనిషి, అనంతపురం జిల్లాలోనో మహబూబ్‌నగర్‌లోనో గొర్రెల మధ్య పెరిగినాయన అయితే, కొట్టంలోకి అడుగుపెట్టగానే ఇంకొకరవుతాడు. చూడి గొర్రె నిలబడ్డ తీరు చూసి "ఇది ఈ రాత్రికే ఈనుతుందిరా" అంటాడు. దాని పొదుగు చూడు, పక్కలు ఎలా జారాయో చూడు అని మనవడికి చూపిస్తాడు. రైతుతో ఇంగ్లీషు రాకపోయినా చేతులతో సాగుతుంది సంభాషణ. మధ్యలో మీరు దూరి ప్రతి మాటా అనువాదం చేయనక్కర్లేదు. పుట్టిన పిల్లకి తొలిపాలు పట్టకపోతే బతకదని, అందుకే ఆ పాలు ఫ్రీజర్లో దాచుకుంటామని ఆ రైతు చూపిస్తే నానమ్మకి జున్నుపాలు గుర్తొస్తాయి, జున్ను ఎలా వండేదో మనవరాలికి చెప్పడం మొదలుపెడుతుంది. రెండేళ్ళకోసారి ఇండియా వెళ్ళి దోమలతో, కరెంటు కోతతో సగం వారం ఏడ్చి వచ్చే పిల్లలకి, తాతకి ఇన్ని తెలుసా అన్న సంగతి అక్కడ తెలియకపోవచ్చు. చలికి మాత్రం పెద్దవాళ్ళకి మందపాటి సాక్సులు, వెల్లీ బూట్లు కొనండి. చెప్పులతో ఆ బురదలోకి పంపకండి.

పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్ల మొహం ముడుచుకుని కూర్చుంటే కూర్చోనివ్వండి. ఆమెకి ఈ సెలవు నచ్చాలన్న రూలేమీ లేదు. "చూడు, తమ్ముడెంత ఎంజాయ్ చేస్తున్నాడో" అన్న మాట అస్సలు వద్దు. సిగ్నల్ ఉన్న గేటు దాకా రోజుకోసారి ఒంటరిగా వెళ్ళొచ్చే స్వేచ్ఛ ఇవ్వండి, ఒక రాత్రి వంట పూర్తిగా అప్పగించండి, ఉప్పెక్కువైనా తినండి. రాత్రి పదింటికి బయటి లైటు ఆర్పి రమ్మంటే బహుశా వస్తుంది: యార్క్‌షైర్ డేల్స్‌ని 2020 డిసెంబరులో డార్క్ స్కై రిజర్వుగా గుర్తించారు, మబ్బు లేని రాత్రి అక్కడ పాలపుంత మామూలు కంటికి కనబడుతుంది. రాకపోయినా ఫర్వాలేదు.

బయల్దేరే రోజు పదింటికల్లా ఇల్లు ఖాళీ చేయాలి, వాళ్ళకి అదే సాయంత్రం ఇంకో కుటుంబం వస్తుంది. ఫ్రిజ్ ఖాళీ చేసి, రీసైక్లింగ్ వేరుచేసి, పసుపు మరక పడితే దాచకుండా చెప్పండి. గేట్లు ఎలా ఉన్నవి అలాగే వదలండి, తెరిచి ఉన్నది తెరిచే, మూసి ఉన్నది మూసే. పిల్లలు మళ్ళీ వద్దామంటే కొత్త చోటు వెతక్కండి. అదే ఫామ్, అదే వారం, వచ్చే ఏడాదికి ఆ పొద్దునే అడిగి పెట్టుకోండి. గొర్రెలు ఈనే వారాలు ఏటా వచ్చే కుటుంబాలతోనే నిండిపోతుంటాయి, క్రిస్మస్ తర్వాత తీరిగ్గా వెతికేవాళ్ళకి మిగిలేవి హాట్ టబ్ ఉన్నవే.